విద్యుత్ కేంద్రం ఉత్పాదకతను కొలవడం, ఇతర కేంద్రాలతో పోల్చడం ఎలా? మీటరు రీడింగ్ నుంచి చివరి అంకె దాకా

"మా కేంద్రం పీఎల్ఎఫ్ 65 శాతం. ఇంకో కేంద్రానిది 82. మేం వెనకబడ్డట్టేనా?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతుంటారు. పీఎల్ఎఫ్ (ప్లాంట్ లోడ్ ఫ్యాక్టర్) అంటే, పూర్తి లోడులో ఆగకుండా నడిస్తే రావచ్చిన కరెంటులో నిజంగా వచ్చింది ఎంత శాతమో చెప్పే అంకె. ఆ రెండు అంకెలు మాత్రమే చూసి ఎవరూ జవాబు చెప్పలేరు. 65 శాతం వచ్చిన కేంద్రమే బాగా నడిచి ఉండొచ్చు. కేంద్రం చేతకాక ఆగిపోవడం వేరు, గ్రిడ్ వద్దంటే ఆగడం వేరు. ఈ రెంటినీ విడదీయకుండా చేసే ఏ పోలికకైనా విలువ లేదు.

ఈ మార్గదర్శి అంతటా ఒకే ఉదాహరణ వాడాను: 500 మెగావాట్ల బొగ్గు కేంద్రం, ఏడాది లెక్క. అంకెలు లెక్క చూపించడానికి నేను వేసుకున్నవి. కాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని ఒక్కో మెట్టూ మీ అంకెలతో చేసి చూడండి.

ముందే ఒక మాట. మన దగ్గర "యూనిట్" అంటే మిషనూ, కరెంటు కొలతా కూడా. రిపోర్టుల్లో దీనివల్ల చాలా గందరగోళం వస్తుంది. అందుకే ఇక్కడ మిషన్‌ను "సెట్" అనీ, కరెంటును కిలోవాట్‌అవర్, మెగావాట్‌అవర్ అనీ రాస్తున్నాను.

1. ముందు ప్రశ్నను కాగితం మీద రాయండి

"ఉత్పాదకత" అనే మాట కింద కనీసం నాలుగు వేర్వేరు ప్రశ్నలు దాక్కుని ఉంటాయి.

- సెట్ సిద్ధంగా ఎంతసేపు ఉంది? దీనికి లభ్యత కొలవాలి.
- సిద్ధంగా ఉన్న సెట్‌ను ఎంత వాడుకున్నారు? దీనికి పీఎల్ఎఫ్, నడిచిన గంటల్లో సగటు లోడు చూడాలి.
- వేసిన ఇంధనానికి ఎంత కరెంటు వచ్చింది? దీనికి హీట్ రేట్, అంటే ఒక కిలోవాట్‌అవర్‌కు ఖర్చయిన వేడి చూడాలి.
- పెట్టిన మనుషులు, డబ్బు, ఇంధనం అన్నీ కలిపి చూస్తే ఎలా ఉంది? దీనికి పదో మెట్టులోని పద్ధతి కావాలి.

ఏ ప్రశ్నకు జవాబు కావాలో ఒక్క వాక్యంలో రాసి, లెక్క అడిగినవాళ్లకు చూపించి ఒప్పించుకోండి. ఈ పని చేయనివాళ్లు పీఎల్ఎఫ్ లెక్కేసి ఇస్తారు, అవతలివాళ్లు దాన్ని సామర్థ్యం అని చదువుకుంటారు.

2. హద్దు గీయండి

కేంద్రం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తేల్చుకోండి. జనరేటర్ టెర్మినల్ దగ్గర కొలిస్తే గ్రాస్. కేంద్రం తన పంపులకు, ఫ్యాన్లకు, బొగ్గును పొడి చేసే మిల్లులకు వాడుకున్నది తీసేస్తే నెట్. బొగ్గు కేంద్రాల్లో ఈ సొంత వాడకం మామూలుగా 5 నుంచి 9 శాతం ఉంటుంది. గ్యాస్ కంబైన్డ్ సైకిల్‌లో 2, 3 శాతం, జల కేంద్రంలో ఇంకా తక్కువ. ఒకరి గ్రాస్‌ను ఇంకొకరి నెట్‌తో పోలిస్తే పోలిక అక్కడే పాడైపోతుంది.

హద్దు చెక్‌లిస్ట్:

- అంకె గ్రాసా, నెట్టా?
- జనరేటర్ ట్రాన్స్‌ఫార్మర్ నష్టం హద్దు లోపలా, బయటా?
- టౌన్‌షిప్ కాలనీ వాడకం సొంత వాడకంలో కలిసిందా? కలిస్తే విడదీయండి.
- సెట్ ఆగి ఉన్నప్పుడు గ్రిడ్ నుంచి తీసుకున్న కరెంటు ఎక్కడ రాశారు?
- స్థాపిత సామర్థ్యం (మెగావాట్లు) అంటే నేమ్‌ప్లేట్ మీదదా, తర్వాత తగ్గించి ప్రకటించినదా?
- ఇంధనం వేడి జీసీవీ (మండినప్పుడు ఏర్పడే నీటి ఆవిరిలోని వేడిని కూడా కలిపినది) ప్రకారమా, ఎన్‌సీవీ (దాన్ని తీసేసినది) ప్రకారమా?

చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది, కానీ ఎక్కువమంది పడిపోయేది అక్కడే. సహజవాయువులో జీసీవీకీ ఎన్‌సీవీకీ మధ్య తేడా సుమారు 10 శాతం. ఎన్‌సీవీ మీద 60 శాతం సామర్థ్యం ఉన్న గ్యాస్ కేంద్రం జీసీవీ మీద 54 అవుతుంది. మిషన్ అదే, మారిందల్లా భాగహారంలో కింది అంకె.

3. డేటా: ఇక్కడ తొందరపడకండి

మొత్తం పనికి పది రోజులుంటే ఆరు రోజులు దీనికే ఇవ్వండి.

*కరెంటు.* ఎనర్జీ మీటర్ మామూలుగా నమ్మదగ్గదే. 0.2ఎస్ క్లాస్ మీటర్ల దోషం చాలా తక్కువ. తప్పు వచ్చేది గుణకంలో. సీటీ (కరెంటును తగ్గించి మీటరుకు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) మార్చిన తర్వాత పాత నిష్పత్తితోనే గుణిస్తూ పోయిన సందర్భాలున్నాయి. సీటీ, పీటీ (వోల్టేజీని తగ్గించి ఇచ్చేది) నిష్పత్తులు ప్లేటు మీద చూసి రాసుకోండి, రిజిస్టర్‌లో ఉన్నదాన్ని నమ్మకండి.

*సమయం.* కరెంటు మీటర్ రీడింగ్ అర్ధరాత్రి 12కు తీస్తారు, బెల్ట్ వెయర్ (బెల్ట్ మీద వెళ్లే బొగ్గును తూచే పరికరం) రీడింగ్ ఉదయం 6కు షిఫ్ట్ మారేటప్పుడు. ఆ ఆరు గంటల తేడా ఏడాది లెక్కలో కలిసిపోతుంది గానీ, రోజు లెక్కను పూర్తిగా పాడుచేస్తుంది. పైగా బెల్ట్ మీద వెళ్లిన బొగ్గు బంకర్లో (బాయిలర్ ముందున్న నిల్వ తొట్టిలో) చేరుతుంది, అప్పుడే కాలిపోదు. రోజువారీ హీట్ రేట్ కావాలంటే బంకర్ మట్టాలు కూడా రాయాలి.

*బొగ్గు తూకం.* బెల్ట్ వెయర్‌ను ఎప్పుడు కాలిబ్రేట్ చేశారో తేదీ అడగండి. తేదీ చెప్పలేకపోతే ఆ రీడింగ్‌ను అనుమానించండి. నెలకోసారి సరిచూసుకునే సూత్రం: మొదటి నిల్వ + వచ్చింది – చివరి నిల్వ = కాల్చింది. యార్డులో కుప్ప కొలిచేటప్పుడు ఘనపరిమాణం బాగానే వస్తుంది, సాంద్రత దగ్గర తేడా పడుతుంది. కుప్ప పైన వదులుగా ఉంటుంది, డోజర్ తిరిగిన చోట బిగుసుకుపోయి ఉంటుంది. ఒకే సాంద్రతతో గుణించకండి.

*బొగ్గు శాంపిల్.* నేను పనిచేసిన ఒక చోట మూడు వారాలు వరసగా హీట్ రేట్ పెరుగుతూ పోయింది. బాయిలర్ విభాగం టర్బైన్ వైపు, టర్బైన్ విభాగం బాయిలర్ వైపు చూపించుకున్నాయి. అందరికీ టెన్షన్. చివరికి ల్యాబ్ వరండాలో బల్ల మీద శాంపిల్ సంచులు కనిపించాయి. సాయంత్రం తెచ్చినవి, మూతి కట్టలేదు, పైన ఫ్యాన్ తిరుగుతోంది. తెల్లారేసరికి తేమ ఆరిపోతోంది. ఆరిన బొగ్గును పరీక్షించి, తడి బొగ్గు తూకంతో గుణిస్తున్నారు.

దాని ప్రభావం ఎంతో చూడండి. 12 శాతం తేమతో కిలోకు 3,800 కిలోకాలరీల జీసీవీ ఉన్న బొగ్గు 9 శాతం తేమకు ఆరితే జీసీవీ 3,930 దాకా వస్తుంది (3,800 × 91 ÷ 88). మనం వేయని వేడిని వేసినట్టు లెక్క తేలుతుంది. 2,400 ఉండాల్సిన హీట్ రేట్ 2,480 దాటుతుంది. మిషన్‌లో ఏ లోపమూ లేదు.

శాంపిల్ చెక్‌లిస్ట్:

- నడుస్తున్న బెల్ట్ నుంచి, మొత్తం వెడల్పున తీశారా? కుప్ప పక్కన నుంచి తీస్తే పెద్ద పెడ్డలే వస్తాయి.
- తీసిన వెంటనే గాలి చొరని సంచిలో కట్టారా?
- తేమ పరీక్ష ఎన్ని గంటల్లో చేశారు?
- జీసీవీ "వచ్చిన స్థితి"కి మార్చారా, గాలికి ఆరిన స్థితి అంకెనే వాడారా?
- తూకం ఎక్కడ వేశారో శాంపిల్ కూడా అక్కడే తీశారా?

4. గంటలు పంచండి

ఏడాదికి 8,760 గంటలు. ప్రతి గంటా ఏదో ఒక గడిలో పడాలి, ఏ గంటా రెండు గడుల్లో పడకూడదు.

మన కేంద్రం:

- నడిచింది: 7,000
- గ్రిడ్‌కు అవసరం లేక ఆపమన్నది: 800
- ముందే అనుకున్న ఓవర్‌హాల్: 600
- అనుకోకుండా ఆగింది (ట్యూబ్ లీకేజీ, ట్రిప్ వంటివి): 360

నడిచిందీ, ఆపమన్నదీ కలిపి 7,800. అంతసేపు సెట్ సిద్ధంగా ఉంది. లభ్యత = 7,800 ÷ 8,760 = 89.0 శాతం.

ఇది సగం లెక్కే. ఒక మిల్లు పాడై 500 గంటలపాటు సెట్ 400 మెగావాట్లకు మించి ఇవ్వలేకపోయింది అనుకుందాం. అప్పుడూ నడుస్తున్నట్టే రాస్తారు. కానీ 100 మెగావాట్లు చేతిలో లేవు. 500 × 100 ÷ 500 = 100. అంటే పూర్తిగా ఆగిన 100 గంటలతో సమానం. దాన్ని తీసేస్తే సమాన లభ్యత (7,800 – 100) ÷ 8,760 = 87.9 శాతం. పోలికకు వాడాల్సింది ఈ అంకెనే.

అనుకోకుండా ఆగిన రేటు = 360 ÷ (360 + 7,000) = 4.9 శాతం. ఈ సూత్రం రోజంతా నడిచే కేంద్రాలకు సరిపోతుంది. సాయంత్రం రెండు గంటలే నడిచే పీకింగ్ సెట్లకు వాడకండి. ఏడాదికి 100 గంటలు నడిచి, 50 గంటలు మరమ్మతులో ఉన్న సెట్‌కు ఇది 33 శాతం చూపిస్తుంది. ఆ 50 గంటల్లో చాలాభాగం దాన్ని ఎవరూ అడిగి ఉండరు. అలాంటి వాటికి, అవసరం పడిన సమయాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకునే రూపం ఐఈఈఈ 762 ప్రమాణంలో ఉంది. గంటలకు ఏ పేరు పెట్టాలో గొడవ వచ్చినప్పుడు కూడా అదే ప్రమాణం తెరవండి.

గొడవ తప్పకుండా వస్తుంది. "లీకేజీ చిన్నదే, ఆదివారం దాకా లాగి అప్పుడు ఆపాం, అది ప్లాన్డ్ కదా?" అని వాదిస్తారు. కాదు. ఏడాది ప్లాన్‌లో లేకుండా, తర్వాతి ప్లాన్ దాకా ఆగలేక తీసిన ఆపుదల ప్లాన్డ్ కింద రాయకూడదు. వచ్చే వారాంతం దాటి కూడా లాగగలిగి ఉంటే దీన్ని మెయింటెనెన్స్ అవుటేజ్ అనే వేరే గడిలో రాయండి, లేకపోతే అనుకోకుండా ఆగినదాని కిందే రాయండి.

5. రాని కరెంటు ఎటు పోయిందో తేల్చండి

మొదట్లో అడిగిన ప్రశ్నకు జవాబు దొరికేది ఇక్కడే.

500 మెగావాట్లు × 8,760 గంటలు = 43,80,000 మెగావాట్‌అవర్లు రావచ్చు. గ్రాస్‌గా వచ్చింది 28,47,000. అంటే పీఎల్ఎఫ్ 65 శాతం. రానిది 15,33,000. దాన్ని పంచండి:

- ఓవర్‌హాల్: 600 × 500 = 3,00,000
- అనుకోని ఆపుదల: 360 × 500 = 1,80,000
- మిల్లు లోపం: 500 × 100 = 50,000
- గ్రిడ్ ఆపమన్నది: 800 × 500 = 4,00,000
- మిగిలినది, అంటే నడుస్తూ కూడా గ్రిడ్ అడిగినందున తక్కువ లోడులో ఉన్నది: 6,03,000

మొదటి మూడూ కేంద్రానివి: 5,30,000. చివరి రెండూ గ్రిడ్‌వి: 10,03,000. రాని కరెంటులో మూడింట రెండు వంతులు కేంద్రం తప్పు కాదు. కేంద్రం తన చేతిలో ఉన్నంతలో 87.9 శాతం సిద్ధంగా ఉంది.

ఒక సరిచూపు: కేంద్రం పోగొట్టిన 5,30,000ను 43,80,000తో భాగిస్తే 12.1 శాతం. దీన్ని నూరులోంచి తీసేస్తే 87.9. నాలుగో మెట్టులో వచ్చిన సమాన లభ్యత కూడా ఇదే. ఈ రెండూ కలవకపోతే ఏదో గంట రెండుసార్లు పడింది, లేదా ఎక్కడా పడలేదు. ముందుకు వెళ్లకుండా వెనక్కి వెళ్లి వెతకండి.

చివరి గడిని "మిగిలినది"గా తీసుకోవడం సులువే, కానీ అందులో చిన్న చిన్న లోపాలు దాక్కుంటాయి. వీలైతే గ్రిడ్ ఇచ్చిన షెడ్యూల్‌తో 15 నిమిషాల డేటాను పక్కపక్కన పెట్టి చూడండి. షెడ్యూల్ 450 ఉండగా సెట్ 430 ఇచ్చిన ప్రతిచోటా ఆ 20 కేంద్రం ఖాతాలోకే వెళ్లాలి.

6. హీట్ రేట్ లెక్కించండి

ఒక కిలోవాట్‌అవర్‌కు ఎంత వేడి ఖర్చయిందో చెప్పేది హీట్ రేట్. నష్టమే లేకపోతే 860 కిలోకాలరీలు, అంటే 3,600 కిలోజౌల్‌లు చాలు. 860ని హీట్ రేట్‌తో భాగిస్తే సామర్థ్యం వస్తుంది.

- కాల్చిన బొగ్గు: 18,00,000 టన్నులు, జీసీవీ 3,800
- వేడి: 18,00,000 × 1,000 × 3,800 = 6.84 లక్షల కోట్లు, అంటే 68.4 లక్షల మిలియన్ కిలోకాలరీలు
- గ్రాస్ హీట్ రేట్: 2,402 కిలోకాలరీలు. సామర్థ్యం 35.8 శాతం
- సొంత వాడకం 7.5 శాతం పోగా నెట్ ఉత్పత్తి: 26,33,475 మెగావాట్‌అవర్లు
- నెట్ హీట్ రేట్: 2,597. సామర్థ్యం 33.1 శాతం

స్టార్టప్‌లో కాల్చిన ఆయిల్ వేడి కూడా కలపండి. చాలామంది దీన్ని మరచిపోతారు.

ఇప్పుడు ఈ అంకెను ఎంతవరకు నమ్మొచ్చో చూడాలి. తూకంలో 1 శాతం, జీసీవీలో 1 శాతం దోషం ఉండొచ్చనుకుంటే, ఒకదానితో ఒకటి సంబంధం లేని ఈ రెండు దోషాలూ కలిసి 1.4 శాతం అవుతాయి. అంటే 2,402 మీద అటూ ఇటూ 34. అంతే దోషం ఉన్న మరో కేంద్రంతో పోల్చినప్పుడు తేడాలో అనిశ్చితి దాదాపు 48. కాబట్టి రెండు కేంద్రాల మధ్య 20 కిలోకాలరీల తేడా చూసి ఒకరిని మెచ్చుకోకండి, ఇంకొకరిని మందలించకండి. ఆ తేడా ఉందో లేదో కూడా మీకు తెలియదు.

బొగ్గు లెక్క మీద అనుమానం ఉంటే రెండో దారిలో రండి. టర్బైన్ హీట్ రేట్‌ను ఆవిరి, నీటి కొలతలతో కట్టండి. బాయిలర్ సామర్థ్యాన్ని నష్టాల పద్ధతిలో, అంటే వృథా అయిన వేడిని నూరులోంచి తీసేసి కట్టండి. టర్బైన్ 2,030, బాయిలర్ 85 శాతం వచ్చాయనుకోండి: 2,030 ÷ 0.85 = 2,388. మొదటి దారిలో వచ్చిన 2,402కు దగ్గరగానే ఉంది, బొగ్గు లెక్కను నమ్మొచ్చు. 100 తేడా వస్తే బొగ్గు యార్డుకు వెళ్లండి. మొత్తం కేంద్రం మీద లాంఛనంగా పరీక్ష చేయాలంటే ఏఎస్ఎంఈ పీటీసీ 46, గ్యాస్ టర్బైన్‌కైతే ఐఎస్ఓ 2314 ప్రకారం చేస్తారు.

7. ఎంత ఉండాలో కట్టి, అప్పుడు ఎంత ఉందో చూడండి

డిజైన్ హీట్ రేట్‌తో నేరుగా పోల్చడం అన్యాయం. డిజైన్ అంకె పూర్తి లోడుకు, ఫలానా బొగ్గుకు, ఫలానా నీటి ఉష్ణోగ్రతకు ఇచ్చింది. మన సెట్ నడిచిన గంటల్లో సగటు లోడు 28,47,000 ÷ 7,000 = 407 మెగావాట్లు, అంటే 81 శాతమే.

తయారీదారు ఇచ్చిన కరెక్షన్ కర్వ్‌లు (పరిస్థితులు మారితే హీట్ రేట్ ఎంత మారుతుందో చూపే గీతలు) బయటికి తీసి, కేంద్రం చేతిలో లేనివాటిని ఒక్కొక్కటే కలపండి:

- డిజైన్, పూర్తి లోడు: 2,250
- తక్కువ లోడు వల్ల: +35
- బొగ్గులో తేమ, బూడిద వల్ల: +22
- కూలింగ్ వాటర్ వేడి వల్ల: +15
- గ్రిడ్ కోసం ఆపి మళ్లీ మొదలుపెట్టినందుకు: +10
- ఉండాల్సింది: 2,332

ఉన్నది 2,402. తేడా 70. ఈ 70 మాత్రమే కేంద్రం సంజాయిషీ ఇవ్వాల్సిన భాగం. బొగ్గులో చెప్పాలంటే ఏడాదికి సుమారు 52,400 టన్నులు.

ఇక 70ని పంచండి: కండెన్సర్ వాక్యూమ్ తగ్గినందుకు 28, చిమ్నీకి వెళ్లే గ్యాస్ వేడెక్కినందుకు 20, ఆవిరి ఉష్ణోగ్రత తక్కువైనందుకు 8, తెలియనిది 14. తెలియనిది సున్నా అని రాసిన రిపోర్ట్ వస్తే, ఎవరో కూర్చుని సరిపెట్టారని నాకు అర్థమవుతుంది. తెలియనిదాన్ని తెలియనిదిగానే రాయండి.

చిమ్నీ గ్యాస్ దగ్గర ఒక జాగ్రత్త. ఆ ఉష్ణోగ్రత సుమారు 20, 22 డిగ్రీలు పెరిగితే బాయిలర్ సామర్థ్యం 1 శాతం తగ్గుతుందని మోటు లెక్క. కానీ ఎయిర్ ప్రీహీటర్ (ఆ గ్యాస్ వేడితో బాయిలర్‌కు వెళ్లే గాలిని వేడిచేసేది) సీళ్లు అరిగిపోతే చల్లగాలి గ్యాస్‌లోకి దూరి, థర్మామీటర్‌లో ఉష్ణోగ్రత తక్కువ చూపిస్తుంది. నష్టం తగ్గినట్టు కనిపిస్తుంది, నిజానికి ఫ్యాన్ల మీద భారం పెరిగింది. ప్రీహీటర్‌కు ముందూ తర్వాతా ఆక్సిజన్ శాతం కొలిచి, లీకేజీకి సవరించాకే ఉష్ణోగ్రత వాడండి.

8. మనుషుల లెక్క

నెట్ మెగావాట్‌అవర్లను ఉద్యోగుల సంఖ్యతో భాగించడం అందరూ చేస్తారు. దీన్ని జాగ్రత్తగా వాడండి. ఒక కేంద్రం బూడిద తరలింపు, మిల్లుల మరమ్మతు కాంట్రాక్టుకు ఇస్తుంది, ఇంకొకటి సొంత మనుషులతో చేయిస్తుంది. తలలు లెక్కపెడితే మొదటిది అద్భుతంగా కనిపిస్తుంది. కాంట్రాక్ట్ మనుషులను కలిపి, తలలు కాకుండా పనిగంటలు లెక్కపెట్టండి. ఓవర్‌హాల్ సంవత్సరంలో పనిగంటలు ఉబ్బుతాయి కాబట్టి మూడేళ్ల సగటు తీసుకోండి.

9. ఎవరితో పోల్చాలి?

జత కుదరకపోతే ఆ లెక్క వృథా. ఇవి కలవాలి:

- ఇంధనం, టెక్నాలజీ: సబ్‌క్రిటికల్‌ను సూపర్‌క్రిటికల్‌తో (ఆవిరి పీడనం, ఉష్ణోగ్రత ఇంకా ఎక్కువగా ఉండేదానితో) పోల్చవద్దు
- సెట్ సైజు, సుమారుగా వయసు
- సగటు లోడు, ఏడాదికి స్టార్టప్‌ల సంఖ్య
- కూలింగ్ పద్ధతి: నేరుగా నీరా, టవరా, గాలా
- కాలుష్య నియంత్రణ పరికరాలు

చివరిది ముఖ్యం. గంధకాన్ని తొలగించే పరికరం ఒక్కటే ఉత్పత్తిలో 1 నుంచి 2 శాతం దాకా కరెంటు తింటుంది. అది ఉన్న కేంద్రం నెట్ లెక్కలో వెనకబడుతుంది. గాలిని శుభ్రం చేసినందుకు శిక్ష వేసినట్టవుతుంది. ఆ వాడకాన్ని విడిగా చూపించి, అది లేకుండా ఒకసారి, ఉండి ఒకసారి పోల్చండి.

సరైన జత దొరకకపోతే మీ కేంద్రాన్ని దాని గతంతోనే పోల్చండి. ఓవర్‌హాల్ అయిన నెల అంకెలు మంచి కొలబద్ద.

10. చాలా కేంద్రాలను ఒకేసారి పోల్చాలంటే

ఒకరు ఇంధనంలో మెరుగు, ఇంకొకరు మనుషుల్లో మెరుగు. ఎవరు ముందు? ఇలాంటి చోట డేటా ఎన్వలప్‌మెంట్ అనాలిసిస్, అంటే డీఈఏ వాడతారు. పేరు భయపెడుతుంది గానీ, గ్రాఫ్ కాగితం మీద చేసి చూడొచ్చు.

మూడు కేంద్రాలు. మొదటి అంకె నెట్ హీట్ రేట్, రెండోది ఒక గిగావాట్‌అవర్‌కు పట్టిన పనిగంటలు.

- ప: 2,400, 300
- ఫ: 2,600, 200
- బ: 2,750, 275

అడ్డంగా ఇంధనం, నిలువుగా పనిగంటలు వేసి మూడు చుక్కలు పెట్టండి. ప, ఫ చుక్కలను గీతతో కలపండి. ఇది సరిహద్దు. ఇప్పుడు సున్నా నుంచి బ చుక్కకు ఇంకో గీత గీయండి. అది సరిహద్దును 2,500, 250 దగ్గర కోస్తుంది. ప, ఫ రెంటికీ సరిగ్గా మధ్యన. 2,500 ÷ 2,750 = 0.91. బ స్కోరు 91 శాతం. అంటే ప, ఫ పద్ధతులను సగం సగం కలిపి నడిపితే, అదే కరెంటు 9 శాతం తక్కువ ఇంధనంతో, 9 శాతం తక్కువ పనిగంటలతో రావాలి. మూడు, నాలుగు ఇన్‌పుట్‌లు ఉంటే ఇదే పనిని సాఫ్ట్‌వేర్ చేస్తుంది.

దీంతో మోసపోయే దారులు రెండున్నాయి.

ఒకటి, కేంద్రాలు తక్కువ, ఇన్‌పుట్‌లు ఎక్కువ అయితే అందరికీ 100 శాతం వస్తుంది. ఇన్‌పుట్‌లు, అవుట్‌పుట్‌లు కలిపిన సంఖ్యకు కనీసం మూడింతల కేంద్రాలు ఉండాలన్నది అందరూ పాటించే మోటు లెక్క.

రెండు, సరిహద్దు మీద ఉన్న కేంద్రం డేటా తప్పయితే అందరి స్కోర్లూ కిందికి పోతాయి. అందుకే సరిహద్దు మీదున్న ఒక్కో కేంద్రాన్నీ తీసేసి మళ్లీ నడపండి. ఒకదాన్ని తీయగానే మిగతావాళ్ల స్కోర్లు ఎగిసిపడితే, ఆ కేంద్రం బొగ్గు రిజిస్టర్, మీటర్ గుణకం స్వయంగా చూడండి. కొలతల్లో దోషం ఎక్కువని తెలిస్తే, దోషాన్ని విడిగా లెక్కించే స్టొకాస్టిక్ ఫ్రాంటియర్ పద్ధతి మేలు. దానికి డేటా చాలా ఎక్కువ కావాలి.

డీఈఏలో ఇన్‌పుట్‌గా పీఎల్ఎఫ్ వేయకండి. గ్రిడ్ నిర్ణయాన్ని మళ్లీ కేంద్రం నెత్తిన రుద్దినట్టే.

11. జల, సౌర, పవన కేంద్రాలైతే

*జల.* ఒక ఘనపు మీటరు నీరు 367 మీటర్లు దిగితే, నష్టం లేకపోతే, 1 కిలోవాట్‌అవర్. 100 మీటర్ల హెడ్ (నీరు దిగే ఎత్తు), 90 శాతం సామర్థ్యం ఉంటే కిలోవాట్‌అవర్‌కు 4.08 ఘనపు మీటర్లు పట్టాలి. మీది 4.5 వస్తుంటే రన్నర్ (టర్బైన్ చక్రం) అరుగుదల, చెత్త జాలీ దగ్గర హెడ్ నష్టం చూడండి. నీళ్లు తక్కువ వచ్చిన ఏడాది పీఎల్ఎఫ్ తగ్గితే అది కేంద్రం పనితీరు కాదు.

*సౌర.* పర్ఫార్మెన్స్ రేషియో (పడిన ఎండకు రావాల్సిన కరెంటులో ఎంత వచ్చిందనే నిష్పత్తి) చూడండి, ఐఈసీ 61724లో పద్ధతి ఉంది. 10,000 కిలోవాట్ల పానెళ్లు నెలకు 12,60,000 కిలోవాట్‌అవర్లు ఇస్తే ఒక్కో కిలోవాట్‌కు 126. పానెల్ తలం మీద పడిన ఎండ చదరపు మీటరుకు 160 కిలోవాట్‌అవర్లు అయితే, 126 ÷ 160 = 78.8 శాతం. స్థాపిత సామర్థ్యం పానెళ్లదా, ఇన్వర్టర్‌దా అన్నది ముందే తేల్చుకోండి. ఎండ కొలిచే పైరానోమీటర్ అద్దం మీద దుమ్ము పడితే ఎండ తక్కువ చూపిస్తుంది, రేషియో బాగా కనిపిస్తుంది. పానెళ్లు కడిగే రోజున దాన్నీ తుడవండి. సిలికాన్ పానెళ్లు డిగ్రీకి 0.3 నుంచి 0.45 శాతం దాకా పవర్ కోల్పోతాయి కాబట్టి, వేసవిని శీతాకాలంతో పోల్చేటప్పుడు ఉష్ణోగ్రతకు సవరించాలి.

*పవన.* గాలి వేగం ఘనానికి తగ్గట్టు పవర్ మారుతుంది. వేగం 5 శాతం తప్పు కొలిస్తే పవర్ లెక్క సుమారు 15 శాతం తప్పుతుంది. టర్బైన్ నెత్తి మీది అనిమోమీటర్ (గాలి వేగం కొలిచేది) రెక్కల వెనక ఉంటుంది, అక్కడి గాలి చెదిరిన గాలి. దాన్ని ఆ టర్బైన్‌ను దాని పాత రికార్డుతో పోల్చడానికే వాడండి. పవర్ కర్వ్‌ను (ఏ గాలి వేగానికి ఎంత పవర్ వస్తుందో చూపే గీతను) లాంఛనంగా కొలవాలంటే ఐఈసీ 61400-12-1 చెప్పినట్టు చేయాలి.

12. ఎక్కువగా కనిపించే తప్పులు, సరిదిద్దే దారి

- *శాతాల సగటు తీయడం.* మూడు సెట్ల హీట్ రేట్లను కూడి మూడుతో భాగించకండి. మొత్తం వేడిని మొత్తం కరెంటుతో భాగించండి.
- *ఓవర్‌హాల్ ఏడాదినీ మామూలు ఏడాదినీ పోల్చడం.* ఓవర్‌హాల్ చక్రం మొత్తం తీసుకోండి.
- *నెల చివర బొగ్గు సర్దుబాటు.* డిసెంబర్‌లోనో మార్చిలోనో ఒక్కసారిగా హీట్ రేట్ ఎగిరితే, ఏడాది పొడవునా పేరుకున్న నిల్వ తేడాను అక్కడ పడేశారని అర్థం. దాన్ని అన్ని నెలలకూ పంచి మళ్లీ కట్టండి.
- *ఆవిరిని కూడా అమ్మే కేంద్రం.* వేడంతా కరెంటు ఖాతాలో వేస్తే హీట్ రేట్ దారుణంగా కనిపిస్తుంది. ఆవిరి వాటా ఎలా విడదీశారో రెండు కేంద్రాల్లోనూ ఒకే పద్ధతి ఉండాలి.
- *మరీ మంచి అంకె.* ఉండాల్సినదానికన్నా హీట్ రేట్ మెరుగ్గా వస్తే సంబరపడే ముందు మూడో మెట్టుకు వెళ్లండి. తక్కువ తూచే బెల్ట్ వెయరే చాలాసార్లు కారణం.

13. రిపోర్ట్ పంపే ముందు

- ప్రతి అంకె పక్కన గ్రాస్ లేదా నెట్, జీసీవీ లేదా ఎన్‌సీవీ రాశారా?
- గంటల మొత్తం 8,760 వచ్చిందా? లీపు ఏడాదైతే 8,784.
- రాని కరెంటు పంపకం సమాన లభ్యతతో కలిసిందా?
- అటూ ఇటూ ఎంత దోషం ఉండొచ్చో రాశారా?
- తెలియని తేడాను విడిగా చూపించారా?
- కరెక్షన్ కర్వ్‌లు ఏ తేదీవో, మీటర్ గుణకాలు ఎవరు చూశారో అనుబంధంలో ఉందా?

పంపే ముందు రోజు, ముడి రిజిస్టర్లను ఈ లెక్కతో సంబంధం లేని ఇంకొకరికి ఇచ్చి, ఒక నెల హీట్ రేట్ సొంతంగా కట్టమనండి. ఇద్దరి అంకెలూ కలిస్తే పంపండి. కలవకపోతే ఆ నెల రిజిస్టర్ ముందేసుకుని ఇద్దరూ పక్కపక్కన కూర్చోండి, తేడా వచ్చిన వరస దొరికేదాకా.